మూరెడు పైపు

మొన్న చలి మొదలైన రోజుల్లో బంధువుల గృహప్రవేశానికి నిర్మల్ పోతూ నేనూ మా బావమరిదీ రహదారి పక్క హోటల్లో చాయ్ కోసం ఆగాం. అక్కడ ఒక జీపు వెనక తెల్లటి కారవాన్ తగిలించి ఉంది, అంటే లాక్కుపోయే చక్రాల ఇల్లన్నమాట. నలుగురు హైదరాబాదు పిల్లలు దాన్ని తీసుకుని హిమాలయాల దాకా పోతున్నారట, చలికి లోపల డీజిల్ హీటరు కూడా పెట్టించుకున్నామని మురిసిపోతూ చెప్పారు. ఆ మాట చెవిన పడగానే చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టేసి, మోకాళ్ళు మొరాయిస్తున్నా, ఈ వయసులో ఆ మట్టిలో వంగి బండి కింద తల పెట్టి చూశాను. పిల్లలు నన్ను పిచ్చివాడనుకుని ఉంటారు. పొగ పైపు బండి అంచు దాటి బయటికే వచ్చి ఉంది. గుండె కుదుటపడింది, కుదుటపడిన మరుక్షణమే ఇన్నేళ్ళుగా చల్లారని పాత కోపం మళ్ళీ రాజుకుంది.

మా వైపు గల్ఫ్ దేశాలన్నీ దుబాయే. పదకొండేళ్ళు బహ్రెయిన్‌లో చేసి వచ్చినా ఊళ్ళో నేను దుబాయి మెకానిక్‌నే. హమద్ టౌన్‌లో ఒక గ్యారేజీలో కార్ల ఏసీలు బాగుచేసేవాణ్ణి, చలికాలం ఏసీల పని తగ్గితే ఏ పని చెబితే ఆ పని చేసేవాణ్ణి. ఎడారంటే ఎండ ఒక్కటే అనుకునేవాళ్ళకు తెలియదు గానీ, అక్కడ ఉండి వచ్చిన నా ఈడు వాళ్ళకు సఖీర్ మైదానంలో చలి గురించి నేను చెప్పనక్కర్లేదు, రెండు రగ్గులు కప్పుకున్నా గాలి ఏదో ఒక సందు వెతుక్కుని లోపలికి దూరేది. అక్కడి వాళ్ళకు అదే సరదా కాలం, కుటుంబాలకు కుటుంబాలు ఆ మైదానంలో గుడారాలు వేసుకుని సెలవులు గడిపేవి. గ్యారేజీ యజమాని అయిన మా కఫీల్‌కూ అక్కడ ఒక క్యాంపు ఉండేది, దానికి కాపలా మా బావమరిది. మా ఆవిడకు తమ్ముడు, పసుపు పండించుకుంటూ ఉన్నంతలో బతుకుతున్న మనిషి. వాణ్ణి వీసా తెప్పించి రప్పించింది నేనే.

కార్ల పందేల ట్రాక్ కట్టిన తర్వాతి చలికాలం అనుకుంటాను, కఫీల్ యూరప్ నుంచి వాడిన కారవాన్ ఒకటి తెప్పించి, ముసలి తల్లి చలికి ఓర్చుకోలేదని దానికి డీజిల్ హీటరు బిగించమన్నాడు. అంతకుముందు నేను ఆ వస్తువు మొహం చూసి ఎరగను. పెట్టెలో వచ్చిన బొమ్మల పుస్తకం ముందు పరుచుకుని నాలుగు రోజులు కుస్తీ పట్టాను. సోఫా కింద నేలకు రంధ్రం కోశాను, డీజిల్ ట్యాంకు నుంచి సన్నని గొట్టం లాగాను, టిక్కుటిక్కుమని కొట్టుకునే బుల్లి పంపు చప్పుడు లోపలికి వినపడకుండా దాన్ని రబ్బరు ముక్క మీద కూర్చోబెట్టాను. లోపలికి వచ్చే వెచ్చని గాలి వేరు, మంట వదిలే పొగ వేరు. ఆ పొగ నేల కింద నుంచి పైపులో పోయి బండి అంచు దాటాకే బయటపడాలి. పుస్తకంలో ఆ బొమ్మ పక్కన పుర్రె గుర్తు కూడా వేశారు. నేను అచ్చం అలాగే బిగించాను. మొదటిసారి అరచేతికి వెచ్చని గాలి తగిలినప్పుడు ఎంత గర్వపడ్డానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అప్పుడు వచ్చాడు మా ఫోర్‌మన్. మా జిల్లా వాడే, నాకంటే ముందు పోయి అక్కడ పాతుకున్నవాడు, అందరం అన్నా అనే పిలిచేవాళ్ళం. తెల్లని బండికి పక్కన మూరెడు పైపు పొడుచుకొచ్చి కనిపిస్తోందని, కఫీల్ చూస్తే బాగుండదని, దాన్ని కోసేయమన్నాడు. పొగ కిందనే ఆగిపోతుందన్నాను, పుర్రె బొమ్మ చూపించాను.

“కింద అంత గాలే గదరా, పొగ ఎటో ఓ దిక్కు పోతది. నీ తెలివి నాకు సూపియ్యకు. యల్లా, కొయ్యి!”

కఫీల్ ఆ మాట అనలేదు, అతన్ని ఎవరూ అడగనూ లేదు. దొర అనకముందే అంటాడేమోనని వణికి, మంచి పనిని చేతులారా చెడగొట్టుకునే రోగం అది, మాలో చాలామందికి ఉండేది. పరాయివాడు చేస్తే తిట్టుకుని మరిచిపోతాం, కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకుంటాం? నాకూ ఆ రోగమే ఉంది కాబట్టి, బ్లేడు పట్టుకుని ఆ పైపు కోసింది నేనే.

కారవాన్‌ను క్యాంపులో నిలబెట్టాక, కింద నుంచి గాలి దూసుకొచ్చి ఇసుకంతా ఎగరగొడుతోందని మా బావమరిది పార తీసుకుని దాని నాలుగు వైపులా ఇసుక ఎగదోశాడు. గుడారాల అంచులకు అక్కడ అందరూ చేసే పనే అది. కానీ వీడు పసుపు బోదెలకు మట్టి ఎగదోసిన చేత్తో, ఒక్క సందు మిగలకుండా, అరచేత్తో నున్నగా ఒత్తి మరీ చేశాడు. ఫోన్ చేసి నాకు చెప్పుకున్నాడు కూడా, “బావా, ఇగ చీమ గూడ దూరది,” అని. శభాష్ అన్నాను. కోసిన పైపు నాకు గుర్తుకు రానే లేదు.

శుక్రవారం కఫీల్ తల్లి వస్తుందని, ముందు రోజు హీటరు వేసి అందులోనే పడుకుని చూడమని ఫోర్‌మన్ వాడికి చెప్పాడు. తెల్లవారాక నీళ్ళు తెచ్చిన క్యాంపు డ్రైవరు, హైదరాబాదు భాయ్ ఒకాయన, ఎంత పిలిచినా పలకకపోతే తలుపు విరగ్గొట్టి, హీటరు ఆపేసి, వాణ్ణి భుజాన వేసుకుని ఆసుపత్రికి తీసుకుపోయి మాకు ఫోన్ చేశాడు. నేనూ ఫోర్‌మనూ వెళ్ళేసరికి క్యాంపు ఖాళీగా ఉంది. ఇసుక తవ్వి చూస్తే బండి కిందంతా మసి. వంట గ్యాస్ కారితే కిందికి దిగిపోవాలని కారవాన్ నేలకు రంధ్రాలు వదులుతారు, బయటికి దారి దొరకని పొగ వాటిలోంచే పైకెక్కింది. నేను తల ఎత్తేసరికి ఫోర్‌మన్, ఆరుబయట చాయ్ కాచుకునే బొగ్గుల కుంపటిని రెండు చేతులా పట్టుకుని కారవాన్ మెట్లెక్కుతున్నాడు. ఏందన్నా అది అన్నాను.

“పైపు కోసింది నీ చెయ్యి. జైలుకు పొయ్యేది గూడ నువ్వే. వాడు చలికి బొగ్గులు లోపల పెట్టుకున్నడు, ఖలాస్.”

నేను నోరు మూసుకున్నాను. వచ్చిన పోలీసులు కుంపటి చూసి రాసుకుని పోయారు. చలికి బొగ్గులు లోపల పెట్టుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్ళు అక్కడ కొత్త కాదు, కంగారులో లోపల కుంపటి ఉందో లేదో డ్రైవరూ గమనించలేదు కనుక ఎవరికీ అనుమానం రాలేదు. మూడో రోజు కళ్ళు తెరిచిన మా బావమరిదికి ఆ సాయంత్రం సంగతి ఒక్కటీ గుర్తు లేదు, ఫోర్‌మన్ చెప్పిందే నమ్మాడు. నా చెయ్యి పట్టుకుని, “నా పిస్స పనికి నీ ఇజ్జత్ పోయింది బావా,” అని ఏడ్చాడు. అప్పుడైనా చెప్పానా? లేదు. నెల తిరక్కుండా వాణ్ణి ఇంటికి పంపేశారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు నేను పైపు అతికించి మళ్ళీ బయటికి తీశాను. ఫోర్‌మన్ చూసి కిక్కురుమనలేదు. కఫీల్ ఆ చలికాలమంతా దాని పక్కనుంచే నడిచాడు, ఒక్కసారి కూడా అటు చూడలేదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ పళ్ళు పటపటా కొరుకుతున్నాను. ఆ ఫోర్‌మన్ పెళ్ళిళ్ళలో కనిపిస్తే ఏం తమ్మీ అని నా భుజం మీద చెయ్యి వేస్తాడు, ఆ చెయ్యి విరిచేయాలనిపిస్తుంది, నవ్వి పక్కకు తప్పుకుంటాను.

మా బావమరిది మాత్రం అప్పటినుంచి ఇంట్లో నిప్పులు ఉండనివ్వలేదు. కూతురు పురుడు పోసుకున్నప్పుడు బాలింత మంచం కింద పెట్టిన కుంపటిని కేకలు వేసి తీయించాడు, పెద్దముత్తైదువలు ముక్కున వేలేసుకున్నారు, ఊరంతా దుబాయోనికి బొగ్గు భయం అని నవ్వింది. అందరితో పాటు నేనూ నవ్వాను.

మొన్న ఆ హోటల్ దగ్గర నేను మోకాళ్ళ మట్టి దులుపుకుని లేచేసరికి, వాడు ఆ పిల్లలతో, “లోపల బొగ్గులు పెట్టుకోకుండ్రి బిడ్డా, నేను పెట్టుకుని సచ్చి బతికిన,” అంటున్నాడు. పిల్లలు కారవాన్ లోపలి గోడకున్న చిన్న డబ్బా చూపించి, చెడు గాలి చేరితే ఇది మోగుతుందని చెప్పారు. వాడు దాని వంక ఆశ్చర్యంగా చూస్తూ ఉండిపోయాడు. ఇక నా వల్ల కాలేదు. వాణ్ణి బల్ల మీద కూర్చోబెట్టి పైపు, ఇసుక, కుంపటి, నా నోరు, అన్నీ చెప్పాను. కొడతాడనుకున్నాను, కొట్టినా బాగుండేది. ఒక్క మాట అడిగాడు.

“అయితే నా బిడ్డ మంచం కింది నిప్పులు ఉత్తగనే తీపిచ్చిన్నా, బావా?”

ఎన్నో మారాయి. ఎవరైనా మూరెడు పైపు కోసి నోరు విప్పకపోయినా, ఇప్పుడు గోడమీది డబ్బా అయినా అరుస్తుంది. మా కాలంలో అరవాల్సింది మేమే, అరవలేదు. చలి ముదిరాక ఏటా మా బావమరిది చేతులు చంకల్లో పెట్టుకుని మా ఇంటికి వచ్చి, గోడ వారన ఎండలో నా పక్కన కూర్చునేవాడు. ఈ ఏడు రాలేదు. వాకిట్లో కుంపటి రాజేసుకుని, మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని చలి కాగుతున్నాడని మా ఆవిడ చెప్పింది. నన్ను రమ్మని మాత్రం కబురు పంపలేదు.