కెమెరాలు ఆపేసిన ఆదివారాలు

నాకు ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. ఇంట్లో కంప్యూటర్ పెట్టుకుని బతికేదాన్ని, కూర్చోక తప్పదు, అయినా చేతకాదు. చీరల వ్యాపారులు పంపే ఫొటోల్లో వెనకాల ఉన్న గోడలూ హ్యాంగర్లూ చెరిపేసి, రంగులు సరిచేసి పంపడం నా పని. ఒక చీర అవగానే లేస్తాను. సూరత్ శివారు కామ్‌రేజ్‌లో మా ఫ్లాటు బాల్కనీలోకి వెళ్ళి హైవే మీద లారీలు చూస్తాను, ఫోన్ చూస్తాను, గ్రూపులో ఎవరేం రాశారో చూస్తాను, మళ్ళీ వచ్చి కూర్చుంటాను. "కాలు గాలిన పిల్లి లెక్క తిరుగుతవేందే, జర కూసో" అంటుంది అమ్మ. కూర్చుంటే లోపల ఏదో గీరుతున్నట్టుంటుంది, ఏం చెయ్యను?

ఆ గ్రూపు మన రాష్ట్రాల బయట బతికే తెలుగు ఆడవాళ్ళది. సూరత్, భివండీ, షోలాపూర్, పుణె, ఎక్కడెక్కడివాళ్ళమో ఉన్నాం. రోజంతా వంటలు, అద్దె ఇళ్ళు, పిల్లల బడులు, అర్థం లేని గొడవలు. ఆదివారం మధ్యాహ్నం మాత్రం అందరం వీడియోలో కలుస్తాం. నేను కాలక్షేపానికి చేరాను. అది అమ్మకు ప్రాణమవుతుందని ఎవరనుకున్నారు?

అమ్మకు చెవులు వినపడవు. పెళ్ళయి సూరత్ వచ్చిన దగ్గర్నుంచీ లింబాయత్‌లో సాంచెల షెడ్డులో, అంటే మరమగ్గాల షెడ్డులో, కండెలు చుట్టింది. ఆ మోత ఆమె చెవులను కొంచెం కొంచెంగా తినేసింది. పెదవులు చూసి మాట పట్టడం కూడా ఆ మోతలోనే నేర్చుకుంది. అక్కడ అందరూ అంతే. ఈ మూల నుంచి ఆ మూలకు గొంతు లేకుండానే తిట్టుకునేవాళ్ళు, నవ్వుకునేవాళ్ళు. కానీ షెడ్డు బయటి మనుషులు అట్లా కాదు కదా. పెళ్ళిళ్ళలో, కూరగాయల బండి దగ్గర, లిఫ్టులో పక్కకు తిరిగి మాట్లాడతారు, తల వంచుకుని మాట్లాడతారు. అమ్మ అన్నిటికీ "ఊ" అనేది, అందరూ నవ్వితే తనూ నవ్వేది. ఆమెకు పొగరని కొందరు, తెలివి తక్కువని కొందరు అనుకున్నారు. చెవిటిదని మాత్రం ఎవరికీ తెలియనివ్వలేదు. నేను చెవి మిషను కొనిస్తే, షెడ్డు మోత మళ్ళీ నెత్తిలోకొచ్చిందని తీసి బీరువాలో పడేసింది.

ఒక ఆదివారం ఊరికే నా పక్కన వచ్చి కూర్చుంది. చీరల రంగులు సరిగ్గా కనబడాలని కొన్న పెద్ద తెర నాది. దాని నిండా మొహాలు, అన్నీ ఎదురుగా, వెలుతుర్లో. అమ్మ కాసేపు చూసి కుర్చీ ముందుకు జరుపుకుంది. "అరే, ఈమె చాపల పులుసు ముచ్చట చెప్తుంది గదా!" అంటూ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నాకు ఏడుపొచ్చింది, నిజం చెప్తున్నా.

ఇక ఆదివారమైతే చాలు, పొద్దున్నే తలస్నానం, ఇస్త్రీ చీర. మైకు ఆపుకుని ఇంట్లోవాళ్ళతో మాట్లాడేవాళ్ళ మాటలు కూడా పట్టేసేది. "గా నల్ల జాకెట్టామె మొగుణ్ణి ఎట్ల తిడ్తుందో సూడు" అని పగలబడి నవ్వేది. నేను సిగ్గుతో చచ్చేదాన్ని. అందరిలోకీ ఆమెకు భివండీ ఆవిడంటే ఇష్టం. ఆవిడ కూతురు నెలలు నిండి ఉంది. కాన్పు ఎప్పుడో, నొప్పులొచ్చాయో లేదో, వారమంతా నా ప్రాణం తీసేది.

ఇంతలో గ్రూపులో పెద్ద రభస. ఎవరో మీటింగు నడుస్తుండగా తెరను ఫొటో తీసి, నైటీలో ఉన్న ఒకామె బొమ్మను ఆమె చుట్టాలకే పంపారట. పాపం, ఆమె ఏడ్చిందట. పుణెలో ఉండే అడ్మిన్ మేడం ఇకనుంచి అందరూ కెమెరాలు ఆపేసుకోవాలని రూలు పెట్టింది. తప్పు పట్టడానికి లేదు. అందరూ హమ్మయ్య అనుకున్నారు. చపాతీలు ఒత్తుకుంటూ వినొచ్చు, మంచం మీద పడుకుని వినొచ్చు.

మొదటి ఆదివారం అమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చి కూర్చుంది. తెర మీద అన్నీ నల్ల గళ్ళు. "కరెంటు పోయిందా?" అంది.

అందరూ కెమెరాలు ఆపేశారని చెప్పి, వాళ్ళన్నదల్లా ఆమె వైపు తిరిగి నేనే చెప్పడం మొదలుపెట్టాను. ఒక నవ్వులమాట నేను అప్పజెప్పేసరికి అక్కడ నవ్వులయిపోయి ఇంకో సంగతి నడుస్తుండేది. తెర కింద మాటలు అక్షరాలుగా పడే ఏర్పాటుంది కానీ అమ్మకు చదువు రాదు. "భివండీ ఆవిడ బిడ్డకు కొడుకు పుట్టాడంట" అని చెప్పాను.

"నవ్వుకుంట చెప్పిందా, ఏడ్సుకుంట చెప్పిందా?"

"నాకేం తెలుసమ్మా, కనబడితే కదా!"

అరిచినట్టే అన్నాను. అమ్మ లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయింది.

నేను ఊరుకునే మనిషిని కాదు. అడ్మిన్ మేడానికి అసలు విషయం రాద్దామని కూర్చున్నాను. అమ్మ వెనకాల నిలబడి ఏం రాస్తున్నావంది. చెప్పాను.

"వద్దు. చెవిటిదంటే అయ్యో పాపం అంటరు. గా పాపం అనెటప్పుడు మొహాలెట్లుంటయో నాకెర్కనే. నా మీద ఒట్టు, రాయకు."

ఒట్టు పెట్టాక ఏం రాస్తాను? ఇంకేవేవో వంకలు పెట్టి గ్రూపులో వాదించాను. మొహాలు చూసుకోకుండా ముచ్చట్లేమిటి అన్నాను. పుట్టెడు పనిలో తయారై కూర్చునే ఓపిక మాకు లేదన్నారు. నాకు ఒళ్ళు మండి, అయితే రేడియో పెట్టుకోండి అని రాశాను. మర్యాదగా మాట్లాడమని మేడం రెండు చేతులూ జోడించిన బొమ్మ పెట్టింది. ఆ వారం ఒక్క చీర కూడా సరిగ్గా కుదరలేదు. ఎరుపును మెరూన్ చేసి పంపి తిట్లు తిన్నాను. అమ్మేమో తన పాటికి తను గోడలు తుడిచింది, తుడిచిన గోడే మళ్ళీ తుడిచింది. ఇంట్లో ఇద్దరమూ ఒకరికొకరు అడ్డం పడుతూ తిరిగాం.

మళ్ళీ ఆదివారం మధ్యాహ్నం, మీటింగు మొదలయ్యాక, అమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. "నా మొహం కనవడెటట్టు పెట్టు. మాట్లాడే బటన్ నొక్కు" అంది. నొక్కాను. షెడ్డులో అలవాటైన గొంతు, ఇల్లంతా దద్దరిల్లింది.

"అందరికి నమస్తె. నేను సాంచెలకాడ పని చేసినదాన్ని. నాకు చెవులు వినవడవు. ఇన్నొద్దులు ఎవ్వరికి చెప్పలే. మీ మొహాలు జూస్తె నాకు మాటలు సమజైతయ్. జర మొహాలు చూపియ్యుండ్రి, బిడ్డా."

అందరూ ఒక్కసారే మొదలుపెట్టారు. అయ్యో అమ్మగారూ, మాకు తెలియనే తెలియదు అన్నారు. మీరెంత ధైర్యవంతులు, నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి అంది ఒకామె. చాలా బాధగా ఉందండీ అంది మేడం. తన బంధువుల్లో మంచి చెవి డాక్టరున్నాడని ఇంకొకామె. వెల్లుల్లి వేసి కాచిన నూనె రెండు చుక్కలు వేస్తే వాళ్ళ అత్తగారికి గుణం కనిపించిందని మరొకామె. కొబ్బరినూనా, ఆవనూనా అని ఎవరో అడిగారు. భివండీ ఆవిడ ఆ రోజు రానే లేదు.

గళ్ళన్నీ నల్లగానే ఉన్నాయి. వెలుగుతున్నది అమ్మ మొహం ఒక్కటే.

అమ్మ నా వైపు తిరిగింది. "ఏమంటున్నరే?"

నోరు గట్టిగా మూసుకున్నాను. నా పెదవులు కదిలితే చదివేస్తుంది.

"మల్ల మాట్లాడుతున్నరా లేదా?"

తల ఊపాను.

"గట్లయితే ఆగు, తొందర పెట్టకు" అంది. "మొగం కడుక్కుంటున్నట్టున్నరు."

కొంగు సర్దుకుని, ఆ గళ్ళకేసి నిటారుగా కూర్చుంది. స్పీకర్‌లో ఆవనూనె చెవులకు వేడి చేస్తుందా చెయ్యదా అని వాదించుకుంటున్నారు.