గురూజీ పెట్టిన నూకలు

మా ఆయనకు నా మీద ఒకే ఫిర్యాదు, ఎవరినీ నమ్మనని. మహారాష్ట్ర అంచున ఈ సిరోంచలో కిరాణా దుకాణం నడిపే ఇంటి కోడలు అందరినీ నమ్ముతూ కూర్చుంటే పొయ్యి వెలగదని నా జవాబు. తూకం వేసే చేతిని చూడాలి, సరుకు దించే బండివాడి కళ్లు చూడాలి. మా ఆయన ఇవేవీ చూడడు. వెనక గోదాములో పప్పు బస్తా మాయమైన ఏడాది మాత్రం, నా పోరు పడలేక, కాపలాకని దగ్గర్లోని బామ్ని ఊరి నుంచి నాలుగు పెద్దబాతులు తెచ్చాడు.

మరాఠీలో వీటిని రాజహంస అంటారు. ఆ పేరు పెట్టినవాడు వీటి నోరు విని ఉండడు. తెలియని మనిషి గల్లీ మలుపు తిరిగితే చాలు, మెడలు చాచి నాలుగూ ఒకేసారి అరుపు అందుకుంటాయి. తెలిసిన మనిషైతే కిక్కురుమనవు. వాటికి తెలిసిన మనిషంటే తిండి పెట్టిన మనిషే, వేరే చుట్టరికం లేదు. హంసలు పాలూ నీళ్లూ వేరు చేస్తాయని చిన్నప్పుడు విన్నాను. మావి నూకలూ తవుడూ కలిపి పెడితే నూకలు ఏరుకుని తవుడు నాకు వదిలేస్తాయి. అనుమానంలో మాత్రం నా తోబుట్టువులే.

చలికాలం వాటితో పని పెరుగుతుంది. ప్రాణహిత నది మీదుగా వచ్చే గాలి రేకుల షెడ్డులోకి దూరకుండా చుట్టూ గోనెసంచులు కట్టాలి. కింద పరిచిన గడ్డి తడిస్తే వెంటనే తీసేసి పొడి గడ్డి వేయాలి. బాతు చలికి ఓర్చుకుంటుంది గాని తడికి ఓర్చుకోదు. పొద్దున్నే గోలెంలో నీళ్లు మార్చాలి. తల మొత్తం మునిగేంత లోతు ఉండాలి, లేకపోతే కళ్లు పుసి కడతాయి. పచ్చిక ఎండిపోయే రోజులు కాబట్టి అంగడిలో కూరగాయలవాళ్లు పారేసే ముల్లంగి ఆకూ గోబీ ఆకూ ఏరి తేవాలి. ఎండెక్కాక అవే గల్లీ వెంబడి కోతలైన మడుల్లోకి పోయి, రాలిన వడ్లు ఏరుకుని, పొద్దు వాలకముందే తిరిగొస్తాయి. అప్పుడు గోరువెచ్చని నీళ్లలో నానబెట్టిన నూకలు పెడతాను.

మొన్నటి చలికాలం అవి సాయంత్రం తిండి మానేశాయి. గిన్నె ముందు నిలబడి నన్ను చూస్తాయి, అంతే. కడుపునిండిన బేరం. మెడ కింద తడిమితే గట్టిగా, నిండుగా ఉండేది. కోతలై ఎన్నాళ్లో అయింది, మడుల్లో గింజ మిగల్లేదు. అంటే ఎవరో పెడుతున్నారు. ఊరికే ఎవరూ ఎవరికీ ఏదీ పెట్టరు.

నా అనుమానం నేరుగా పోయి గురూజీ ఇంటి ముందు ఆగింది. ఆయన మా గల్లీ చివర ఒంటరిగా ఉండే రిటైరైన బడిపంతులు. మా వైపు పంతుళ్లను గురూజీ అనే పిలుస్తారు. వానాకాలంలో ఒకరోజు మా గేటు దగ్గరికొచ్చి, "నీ బాతుల నోరు నువ్వు మూయిస్తవా, నన్నే మూయించమంటవా చెల్లె?" అని అడిగిపోయిన మనిషి. అంతటితో ఆగితే సరే. వడ్లు ఇళ్లకు చేరి ఎలుకలు పెరిగే రోజుల్లో మా దుకాణానికే వచ్చి ఎలుకల మందు కొన్నాడు. పొట్లం కట్టి ఇచ్చింది నేనే. ఆ తరవాత ఎదురు దుకాణంలో నూకలు కొన్నాడని తెలిసింది. సన్నబియ్యం తప్ప ముట్టని మనిషికి నూకలెందుకు? కొన్నవాడు మా దగ్గరెందుకు కొనలేదు?

మా ఆయనతో చెప్తే, అనుమానం పెనుభూతమని నవ్వి, నేను నా నీడను కూడా నమ్మనని దుకాణానికొచ్చినవాళ్ల ముందే అన్నాడు. నాకు చర్రున కోపమొచ్చింది. కుక్కలకు మందు పెట్టేవాళ్లు కూడా మొదట మంచి తిండే పెడతారు, అలవాటయ్యాకే కలుపుతారు. నేను భయపడింది ఆ రోజుకే. బాతుల్ని షెడ్డులో మూసిపెట్టి చూశాను, ఒక్క పూటకే గల్లీ అదిరిపోయేలా అరిచాయి. ఇక పొద్దున్నే రెట్ట రంగు చూడటం, ఏది కాస్త కునికినా లేపి నడిపించడం, ఇదే పని. మగబాతుకు నా కొంగు పట్టి లాగుతూ వెంట తిరగడం అలవాటు. అది కాళ్లు చాపి పడి ఉంటే నేను చూడలేను.

ఒకరోజు దుకాణం మా ఆయనకు వదిలి వాటి వెనక నడిచాను. నాలుగూ వరసగా పోయాయి. మడుల వైపు తల కూడా తిప్పలేదు. గురూజీ పెరటి గేటు ఓరగా తీసి ఉంది. సొంత ఇంట్లోకి పోయినట్టు పోయాయి, ఒక్కటీ అరవలేదు. ఆయన బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, నానిన నూకల పళ్లెం ముందుకు తోసి, వాటితో ఏదో మాట్లాడుతున్నాడు. నేను పోయి పళ్లెం లాగేసుకున్నాను. బాతులు నా మీద బుస కొట్టాయి. పెంచిన చేతి మీద కొట్టిన ఆ బుస నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

"నేనిచ్చిన ఎలుకల మందు ఏది గురూజీ?"

ఆయన లేచాడు. లోపలికి పోయి, పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టాడు. పేపరు చుట్టి దారంతో నేను కట్టిందే. నేను వేసిన ముడి లాగితే ఊడదు, దారం తెంపాల్సిందే. ముడి అలాగే ఉంది. కొన్న మర్నాడే ఒక పిల్లి వచ్చి ఇంట్లో చేరిందట, ఇక మందుతో పని పడలేదట.

మందు సంగతి తేలింది, నూకల సంగతి తేలలేదు. మరి ఇవెందుకని అడిగాను.

"ఇన్నేండ్లల్ల ఈ ఊర్ల నన్నెవ్వరు దొంగ అనలే. నీ బాతులు అంటున్నయి" అన్నాడు. "పాలకు పోయినా అరుస్తున్నయి, పాలు తీస్కొని వచ్చినా అరుస్తున్నయి. అవి అరిస్తె గల్లీ అంత తలుపులు తీసి చూస్తున్నరు, ఎవడొచ్చిండని. నేనే వచ్చిన. జర నన్ను గుర్తుపట్టుండ్రి అని నూకలు పెట్టిన."

మా దుకాణంలో కొంటే ఎందుకని నేను అడుగుతానని ఎదురు దుకాణానికి పోయాడట. నిజమే, అడిగేదాన్నే. నాకు సిగ్గేసింది. పళ్లెం కింద పెట్టాను. బాతులు నా కాళ్లను నెట్టుకుంటూ వచ్చి తినసాగాయి. ఆయన వాటినే చూస్తూ అన్నాడు.

"వాటికైతే నూకలు సరిపోయినయి. నీకేం పెట్టాలె చెల్లె?"

చాయ్ పెట్టమన్నాను. ఆయన నిజంగానే లోపలికి పోయి రెండు కప్పులు తెచ్చి, ఒకటి నాకిచ్చి, ఎదురుగా కూర్చున్నాడు. అల్లం వాసన కమ్మగా వస్తోంది. నేను చాయ్ చల్లారాలని ఊదుతున్నట్టు కప్పు పట్టుకుని, ఆయన తాగేదాకా ఆగాను. ఆయన అది గమనించాడు. నాకు కనిపించేలా రెండు గుక్కలు తాగాడు.