తోళ్ల కార్ఖానా గుంటల్లో

మూడో గుంట మీది పెచ్చు ఊడగానే కొట్టిన కంపుకు నేను పక్కకు పరుగెత్తి కక్కుకున్నాను. ఎన్నో ఏళ్లుగా తవ్వకాల పనిలో ఉన్నదాన్ని. ఎముకలు చూశాను, బూడిద చూశాను. అవన్నీ ఎండిపోయినవి. ఇది మాత్రం ఇంకా తడిగా, నల్లగా, పార పెట్టినచోటల్లా బుడగలు తేలుతూ ఉంది.

విజయవాడ పాతబస్తీలో కాలవకు దగ్గరగా ఒకప్పుడు తోళ్లు శుద్ధిచేసే కార్ఖానా ఉండేది. మూతపడ్డాక ఆ స్థలం తుప్పలు మొలిచి పడి ఉంది. ఈమధ్య అపార్ట్‌మెంట్ల కోసం సెల్లార్ తవ్వుతుంటే ఇటుకలతో కట్టిన గుంటలు వరసగా బయటపడ్డాయి. పాత కార్ఖానా చరిత్ర, ఫొటోలు కింద హాల్లో పెడితే హుందాగా ఉంటుందని కట్టేవాళ్లకు తోచింది. నన్ను పిలిచి, గుంటలు తవ్వి చూసి రిపోర్టు రాసిమ్మని మూడు వారాల గడువిచ్చారు.

ఇంటికెళ్లి రెండుసార్లు స్నానం చేసినా వాసన వదిలేది కాదు. బురద నిండా పశువుల బొచ్చు, చేతికి అంటుకుంటే జిడ్డు. కంచంలో పప్పన్నం కలుపుతుంటే అది గుర్తొచ్చి లేచిపోయేదాన్ని.

రెండో వారంలో, తవ్వుతున్నారని విని గుణదల నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. వయసులో ఉండగా అక్కడే పనిచేశాడట. దిగి చూడగానే గుంటలన్నీ గుర్తుపట్టాడు.

“ఇది సున్నం గుంటమ్మా. తోళ్లు ఇందులో నానేస్తే బొచ్చు ఊడేది. మోకాళ్లదాకా దిగి తొక్కేవాళ్లం.”

“కాళ్లకు బూట్లు ఇచ్చేవాళ్లు కాదాండీ?”

“చెప్పులే లేవు తల్లీ,” అని నవ్వాడు. చివరి గుంట అడుగున పచ్చగా మెరుస్తున్న మన్ను చూపించి, “దాని జోలికి మాత్రం పోకండి. అది తోళ్లు పదునుచేసే క్రోమ్ మందు. తగిలితే పుండ్లు పడతాయి” అన్నాడు.

ముందు తను ఎక్కి, పైనుంచి నాకు చెయ్యందించాడు. రెండు వేళ్లకు గోళ్లు లేవు, చర్మమంతా మచ్చలు. నా చెయ్యి ముందుకు రాలేదు. నిచ్చెన పట్టుకుని ఎక్కాను.

“ఫర్లేదులేమ్మా. పెళ్లైన కొత్తలో మా ఆవిడా అంతే,” అన్నాడు.

బురద చూసి కక్కుకున్నప్పటి కంటే ఎక్కువగా అప్పుడు నామీద నాకే రోత పుట్టింది.

మర్నాడు చూస్తే ఆ పచ్చమన్నునే టిప్పర్లకు ఎత్తుతున్నారు. మంగళగిరి వైపు పల్లపు స్థలాలు మెరక చేయడానికట. మేనేజర్ దగ్గరికి పరుగెత్తాను.

“మట్టే కదా మేడమ్! అయినా రిపోర్టులో ఈ మందులూ కంపులూ ఎందుకండీ? కొనేవాళ్లు భయపడతారు. ఆ ఇటుకల పనితనం గురించి రాయండి, బాగుంటుంది,” అన్నాడు, ముక్కుకు సెంటు రుమాలు అడ్డం పెట్టుకునే.

నేను మట్టి నమూనాలు తీసి పరీక్షకు పంపాను. పెద్దాయన మాటలు ఆయన చెప్పినవి చెప్పినట్టే రిపోర్టులో చేర్చాను. కాపీ ఒకటి కాలుష్యం చూసే ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకున్నాను. నాలుగో రోజుకు టిప్పర్లు ఆగాయి. ఆ కంపెనీ మళ్లీ నన్ను పిలవలేదు. పిలిచినా వెళ్లేదాన్ని కాదు.

అప్పటికే పోయిన లోడ్ల సంగతి తేల్చుకుందామని ఒక టిప్పర్ డ్రైవర్‌ని అడిగి, మన్ను దించిన చోటికి వెళ్లాను. వానకు తడిసి మన్ను మీద పచ్చటి పొర తేలింది. ప్రహరీ కట్టిస్తున్న స్థలం యజమానికి విషయం చెప్పాను. ఆయన హడలిపోయి, వెంటనే ట్రాక్టర్ పిలిపించాడు. నాకు కాస్త ఊరట కలిగింది.

“ఎక్కడ పోయిస్తారండీ?” అని అడిగాను.

“ఎక్కడోచోట లెండి. అదిగో, ఆ పంటకాలవ గట్టునుంది కదా ఖాళీ.”

వెళ్లి ట్రాక్టర్‌కు అడ్డంగా నిలబడ్డాను. ఆయన కేకలేశాడు, నేనూ కేకలేశాను. చివరికి ఆ స్థలంలోనే ఒక మూలకు తోయించి, టార్పాలిన్ కప్పించి, చుట్టూ ఇటుకలు పేర్పించాను. కాలుష్యం ఆఫీసుకు ఫోన్ చేస్తే వచ్చి తీసుకెళతామన్నారు. ఇంకా రాలేదు.