గుంతలో ఆగిన రెండో మోటారు

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. దయ్యాల కథలు చెప్పి భయపెట్టడంలో మాత్రం సూర్యాపేట మొత్తంలో నన్ను మించినవాడు లేడు. సరే, మా వీధిలో.

రిటైరయ్యాక మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లుకు కంప్యూటర్ పనులు చేసిపెట్టేవాణ్ణి. మోటార్లను ఆపే ప్రోగ్రాం నేనే రాశాను. --stop అని కొట్టి, పక్కన మోటారు నంబరు ఇస్తే అది ఆగుతుంది.

ఒకరోజు వడ్లు పోసే గుంతలో గడ్డి ఇరుక్కుంది. తీయడానికి హమాలీ సైదులు దిగాలి. అడుగున వడ్లను నెట్టే మరను తిప్పేది రెండో మోటారు, వడ్లను పైకెత్తేది నాలుగోది. రెండూ ఆగాలి. ఎప్పుడూ విడివిడిగా ఆపేవాణ్ణి. ఆ రోజు తొందరలో ఒకే వరుసలో కొట్టేశాను: --stop 2 --stop 4.

నాలుగోది ఆగినట్టు మాత్రమే తెర మీద వచ్చింది.

ఆఫీసు గది తలుపు తోసుకుని పరుగెత్తాను. సైదులు అప్పటికే గుంతలో ఉన్నాడు. కాళ్లు రెండూ మర మీదే. మర కదలడం లేదు.

"పైకి రా!" అని అరిచాను. అతను గట్టెక్కాడో లేదో, నేనేమీ నొక్కకుండానే మర తిరగడం మొదలుపెట్టింది.

ఇది చెప్పేటప్పుడు ఆపాల్సిన మోటార్లు ఆరు అనీ, మిల్లంతా చీకటి కమ్మిందనీ కలిపేవాణ్ణి. ఆపాల్సినవి రెండే. బయట ఎండ మండిపోతోంది.

"నేను చెప్పకముందే ఎందుకు దిగినవ్?" అని తిట్టాను.

"మీరే గద సారు, 'ఆగింది, దిగు' అని పిలిసిన్రు. జర గట్టిగనే పిలిసిన్రు."

నేను పిలవలేదు. గుంత దగ్గర ఇంకెవరూ లేరు. ఫ్యూజు పోలేదు, కరెంటూ పోలేదు.

కోదాడలో ఉండే మా మేనల్లుడిది ప్రోగ్రాములు రాసే ఉద్యోగం. వాడు నా ప్రోగ్రాం తిరగేసి నవ్వాడు. "మామయ్యా, ఈ --stop లాంటి ఒకే ఆప్షన్ రెండుసార్లు ఇస్తే నీ ప్రోగ్రాం మొదటిదాన్ని పారేసి చివరిదే పట్టుకుంటుంది. రెండో మోటారుకు ఆగమని చెప్పనే లేదు. నీ కోతలు నా దగ్గరా?"

గుంత ఖాళీగా ఉన్నప్పుడు అదే వరుస మళ్లీ మళ్లీ కొట్టి చూశాం. ప్రతిసారీ నాలుగోదే ఆగింది. రెండోది తిరుగుతూనే ఉంది.

ఎన్ని నంబర్లు ఇచ్చినా అన్నీ పోగుచేసుకునేలా ప్రోగ్రాం మార్చాను.

కొన్నాళ్లకు మళ్లీ గడ్డి ఇరుక్కుంది. రెండూ ఆగాయని కళ్లారా చూసి, గట్టు మీద నిలబడి నేనే అరిచాను: "ఆగింది, దిగు!"

సైదులు దిగలేదు. నా మొహం వంకే చూశాడు.

"గా గొంతు గిది గాదు సారు. ఆయననే పిలువుండ్రి."

ఎవరిని పిలవాలో నాకు ఇప్పటికీ తెలియదు.