నోవాతో మా తాత మాట్లాడిన సాయంత్రం

మా ముత్తాత కోయంబత్తూరుకు తూర్పున మూడు ఊళ్ళకు పెద్ద. పత్తి బళ్ళు సంతకు బయలుదేరితే మా బండి ముందుండాలి, మిగతావి వెనక రావాలి. మా తాత వీధిలోకి వస్తే అరుగుల మీద కూర్చున్నవాళ్ళంతా లేచేవారు. మా నాన్న వస్తే సగంమంది లేచేవారు. నేను వస్తే ఎవరూ లేచేవారు కాదు, పైగా "కొంచెం జరుగు తంబీ" అనేవారు. ఆ రోజుల్లో నన్ను అన్నిటికంటే బాధపెట్టిన సంగతి ఇదే. పొలాలు పోయినందుకు అంత దిగులు లేదు (వాటిలో నేనేనాడైనా కాలు పెడితే కదా). జనం లేచి నిలబడడం పోయిందే, దానికే నిద్ర పట్టేది కాదు.

మా పత్తి చేను ఉన్నచోట ఒక నూలుమిల్లు లేచింది. ఇరవై రెండేళ్ళ వయసులో ఆ మిల్లు టైమాఫీసులో నేను టెంపరరీ గుమాస్తాను. మా తాత హయాంలో మా గొడ్లు కాసినవాళ్ళ పిల్లలు అదే మిల్లులో పర్మనెంటు కార్మికులు. అయినా వాళ్ళ హాజరు కార్డుల మీద ముద్ర వేసేటప్పుడు వెన్ను నిటారుగా పెట్టి, గోదానం చేస్తున్నంత గంభీరంగా వేసేవాణ్ణి.

మిల్లు వెనక లైను ఇళ్ళలో సగం కుటుంబాలు మాలాగే ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు, కాకపోతే వాళ్ళు క్రైస్తవులు. ఒక క్రిస్మస్ ముందు వాళ్ళ గుడికి మదరాసు నుంచి ఒక క్యాసెట్టు వచ్చింది. బైబిలు కథలను బొమ్మల సినిమాగా తీసినది, రంగుల్లో, పిల్లాజెల్లా అందరూ కలిసి కూర్చుని చూసేది. టీవీ, డెక్కు అద్దెకు తెచ్చారు. తెచ్చి పెట్టాక తెలిసింది, ఆ బొమ్మలన్నీ ఇంగ్లీషులో మాట్లాడతాయని. మర్నాడు ఉపదేశియారు (గుడిలో ప్రార్థనలు నడిపే పెద్దమనిషి, పగలు స్పిన్నింగు ఖాతాలో మేస్త్రి) నా కిటికీ దగ్గరికి వచ్చాడు.

"సిన్నసామీ, ఒక ఉదవి చెయ్యాల. మీరు కాన్వెంటులో చదివినారు. ఆ పడంలో వాళ్ళు ఏం మాట్లాడతారో పక్కన కూర్చుని మన తెలుగులో చెప్తే చాలు."

"తమిళంలో చెప్పేవాళ్ళు ఎవరూ దొరకలేదా?"

"తమిళంలో గుడిలో వారం వారం వినేదే కదండీ. మా కండె అవ్వ ఉండాదే, ఆమెకు కండ్లలో పొర. బొమ్మలు ఆనవు. ఇంట్లో మాట్లాడే మాటలో ఒక్క తూరి ఆ కథ వినాలని ఒకటే పోరు."

కండె అవ్వ చిన్నతనంలో మా తాత గొడ్లకొట్టంలో పేడ ఎత్తి, ఆ తర్వాత ముప్పై ఏళ్ళు మిల్లులో కండెలకు నూలు చుట్టిన ముసలామె. నేను ఆలోచిస్తున్నట్టు నటించాను. నిజానికి అప్పటికే నా కళ్ళ ముందు లైనంతా లేచి నిలబడుతోంది. ఒప్పుకున్నాను, ఒక్క షరతు మీద. చాప మీద కూర్చోను, మా తాత కుర్చీ తెప్పించుకుంటాను.

"సింహాసనమే తెప్పించండి సామీ, మాకేం" అన్నాడు ఉపదేశి. (అందులో వెటకారం ఉందని నాకు నాలుగేళ్ళ తర్వాత తట్టింది.)

అది టేకు చట్రానికి పేము అల్లిన సాచుకుర్చీ. దాని చేతులు ఎంత పొడవంటే కాళ్ళు చాపి వాటి మీద పెట్టుకోవచ్చు. మా ఇంట్లో అప్పటికి అమ్ముడుపోకుండా మిగిలిన ఘనత అదొక్కటే. ఇద్దరు మనుషులు దాన్ని నెత్తిన పెట్టుకుని ముందు నడిచారు, నేను వెనక నడిచాను. గుడిలో అడుగు పెట్టగానే అందరూ లేచారు. నా గుండె పొంగిపోయింది. కుర్చీ పట్టడానికి చోటు లేక లేచారని, "ఇదేందమ్మా, పడం చూసేకి మంచంతో వచ్చినాడు" అని ఒకామె అన్నాకగానీ తెలియలేదు.

బొమ్మ మొదలైంది. తెల్లగడ్డం నోవా తోటలో పని చేసుకుంటున్నాడు. ఆకాశం నుంచి దేవుడి గొంతు వినిపించింది. ఇంగ్లీషు నాకు బాగానే అర్థమైంది. చిక్కంతా మరోచోట వచ్చింది. దేవుడు మన తెలుగులో ఎలా మాట్లాడతాడు? పైవాడు కిందివాడితో మాట్లాడే తీరు నేను ఎరిగింది ఒక్కటే. గొంతు సవరించుకుని, మా తాతను తలచుకుని అందుకున్నాను.

"ఒరే నోవా! ఏడ సచ్చినావురా? ఇట్రా. పెద్దవాన పట్టుకోబోతాది, ఒక పడవ చెయ్యి. కొలత తప్పిందో, తోలు ఒలుస్తా!"

నోవా ఏదో బదులు చెప్పాడు. నేను అతని తలగుడ్డ తీయించి నడుముకు కట్టించి, "సిత్తం సామీ, తమ కాళ్ళు మొక్కుతా" అనిపించాను. (బొమ్మలో నోవాకు తలగుడ్డే లేదు.) పిల్లలు నవ్వారు. పెద్దవాళ్ళు నవ్వలేదు. అది భక్తి అనుకుని గొంతు ఇంకా పెంచాను.

"నిరుత్తండి సామీ!"

కండె అవ్వ. ఎవరో డెక్కు ఆపారు. తెర మీద నోవా సుత్తి ఎత్తిన చేత్తో అలాగే వణుకుతూ నిలిచిపోయాడు.

"అది దేవుడి మాట కాదు" అంది అవ్వ. "అది పెద్దసామి మాట. కొట్టం వాకిట్లో దినమూ విన్నదాన్ని, నాకు తెలీదా?"

ముందు ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత గుడంతా నవ్వింది. వంశం పరువు కోసం లేచి వెళ్ళిపోవాలని నిశ్చయించుకున్నాను. సాచుకుర్చీతో వచ్చిన తిరకాసేమిటంటే, అందులోంచి కోపంగా లేవడం కుదరదు. ముందు కాళ్ళు దించాలి, నడుము ముందుకు జరపాలి, రెండు చేతులా పట్టుకుని ఊగాలి. (మా తాతను ఇద్దరు పట్టి లేపేవారని అప్పుడు గుర్తొచ్చింది.) రెండుసార్లు ఊగాను. మూడోసారి ఊగేలోగా అవ్వ తడుముకుంటూ వచ్చి కుర్చీ చెయ్యి పట్టుకుంది.

"కోపం వద్దు నాయనా. ఇన్నేండ్లు అరవంలో విన్నా. మన ఇంటి మాటలో ఆయన ఎట్ల మాట్లాడతాడో ఒక తూరి విని పోదామని ఆశ. ఆయన మమ్మల్ని ఒరే అనడు. అందుకే కదా మేము ఆయన గుడికి వచ్చింది."

సగం లేచి, సగం కుర్చీలో వేలాడుతూ ఆ మాట విన్నాను. మా వంశంలో క్షమాపణ అడిగే అలవాటు లేదు, నాకు ఆ మాటలు సరిగ్గా రావు కూడా. "మొదటినుంచి పెట్టండి" అని మాత్రం అన్నాను.

క్యాసెట్టు వెనక్కి తిరిగింది. ఈసారి మా అమ్మ పొద్దున నన్ను మిల్లుకు లేపే తీరు గుర్తు తెచ్చుకున్నాను.

"నాయనా నోవా, ఇట్లా రా కన్నా. పెద్దవాన వచ్చేట్టుండాది. మీ ఇంటిల్లిపాదీ పట్టేట్టు ఒక పడవ చేసుకో. ముందు కొంచెం అన్నం తిని మొదలుపెట్టు."

(అన్నం సంగతి ఇంగ్లీషులో లేదు.)

"ఆమా" అంది అవ్వ, కళ్ళు మూసుకుని. "ఇదీ మాట."

ఆ తర్వాత ఎవరూ నన్ను ఆపలేదు. ఏనుగులు, ఒంటెలు, కోళ్ళు జతలు జతలుగా పడవెక్కాయి. తలుపు మూయబోయే వేళకు బయట మిల్లు సంగు (షిఫ్టు సైరను) మోగింది. "అదిగో సంగు, ఇంక గేటు మూస్తారు, తొందరగా రండి" అన్నాను. అది నా సొంత ఉద్యోగమే కాబట్టి బాగా వచ్చింది. తలుపు పడింది. అప్పుడు అవ్వ మెల్లగా అడిగింది.

"సామీ, మీ తాతను ఎక్కించుకున్నారా?"

తెర మీద వరద ముంచుకొస్తుంటే గుడంతా నా వైపు తిరిగింది.

"ఎక్కించుకున్నారవ్వా" అన్నాను. "కొట్టంలో పేడ ఎత్తేకి."

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు అదిరేలా నవ్వింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, "పాపం, పెద్దాయనకు నడుము నొప్పి. తట్ట నేను ఎత్తుతాలే" అంది.

ఆ తర్వాత ప్రతి క్రిస్మస్‌కూ నన్ను పిలిచారు. వెళ్ళాను. చాప మీదే కూర్చున్నాను, వెన్ను మాత్రం నిటారుగానే. ఇప్పుడు నా మనవరాలు అలాంటి బొమ్మల కథలు ఫోనులో చూస్తుంది, నేను పక్కన కూర్చుని వింటాను. వాటిలో దేవుడు ఎంతో శుద్ధమైన తెలుగు మాట్లాడతాడు. అన్నం తినమని మాత్రం ఒక్కసారీ అనడు. ఆ లోటు నేను తీరుస్తుంటాను, ఆ పిల్ల "తాతా, ఊరుకో" అంటుంది.

సాచుకుర్చీని ఆ మొదటి క్రిస్మస్ మరుసటి ఏడు, మా వీధి వాకిలి తలుపులతో కలిపి, తిరుప్పూరు బనియన్ల కంపెనీ ఆయనకు అమ్మాం.