పడమటి కిటికీల ఇల్లు

ఆరేళ్లుగా ఒక మాటను నోట్లో పెట్టుకుని తిరుగుతున్నాను. మింగలేకపోయాను, ఉమ్మలేకపోయాను. మా ఇంట్లో వాళ్లకు తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. ఇది ధైర్యమనుకోకండి. ధైర్యమే ఉంటే, ఈ మాట వినాల్సిన మనిషి పాకాలలో ఉన్నాడు. రైలెక్కితే గంటకు పైన పట్టదు.

తిరుపతిలో ఇళ్ల కిటికీ అద్దాలు శుభ్రం చేసే చిన్న సంస్థ మాది. నేను నిచ్చెన ఎక్కను. పనివాళ్లు ఏ రోజు ఏ ఇళ్లకు, ఏ వరసలో వెళ్లాలో తేల్చడం నా పని. కొర్లగుంట నుంచి తిరుచానూరు రోడ్డుకు, అక్కడి నుంచి మళ్లీ అలిపిరి వైపుకు తిప్పితే సగం పూట ఆటోలోనే పోతుంది. నేను చేరాక ఒక దిక్కు ఇళ్లన్నీ ఒకే రోజుకు చేర్చాను. కొండకు జనం పోటెత్తే రోజుల్లో అలిపిరి వైపే పంపలేదు. రైలు గేటు రోజుకు ఒక్కసారే దాటేట్టు చూశాను. మూడిళ్లు అయ్యే రోజున నాలుగయ్యాయి. యజమాని అందరి ముందూ మెచ్చుకున్నాడు. ఆ మెప్పు నాకెంత రుచించిందో తలచుకుంటే ఇప్పుడు అసహ్యం వేస్తుంది.

మునిరత్నం అన్న యాభై దాటిన మనిషి. పనివాళ్లకు పెద్ద. అతని జత దొరస్వామి, ఇద్దరు పిల్లల తండ్రి. ఇద్దరిదీ పాకాల దగ్గర ఒకే ఊరు. మునిరత్నం అన్నకు చదువు రాదు. అందుకని రోజూ పొద్దున నా బల్ల ముందు నిలబడేవాడు, నేను నోటుబుక్కు చూసి ఇళ్ల వరస చదివేదాన్ని. ఒక్కసారి వింటే చాలు, సాయంత్రం దాకా తప్పేవాడు కాదు. ఆ లోపల దొరస్వామి కింద ఆటోలో బకెట్లు, నిచ్చెన సర్దేవాడు.

అన్న నన్ను ఎప్పుడూ ఏమీ అడగలేదు, ఒక్కటి తప్ప. పడమటి కిటికీలున్న ఇళ్లను పొద్దున్నే పెట్టమన్నాడు. మధ్యాహ్నం ఎండ నేరుగా కొడితే సబ్బునీళ్లు అద్దం మీదే ఎండిపోతాయని, మరక పడకుండా పరుగుమీద తుడవాల్సి వస్తుందని, కిటికీ కింది సజ్జ మీద నిలబడినవాడికి అరికాళ్లు కాలతాయని చెప్పాడు. సరేనన్నాను. కొన్నాళ్లు అలాగే పెట్టాను.

ఆ రోజు మాత్రం పెట్టలేదు. గేటు అవతల రెండో అంతస్తు ఇల్లు అది, కిటికీలన్నీ పడమటికే. దాన్ని మొదట పెడితే ఇవతలి ఇళ్ల కోసం పని మధ్యలో గేటు మళ్లీ దాటాలి. నా వరస చెడిపోతుంది. మూడోది చేశాను. చదివి వినిపించాను. అన్న ఒక్క క్షణం నా ముఖం వైపు చూశాడు. మెట్లు దిగి ఆటో దగ్గరికి వెళ్లిపోయాడు. నేను పెట్టానంటే ఏదో ఆలోచించే పెట్టి ఉంటానని నమ్మాడా? ఆ చూపుకు నేను తల ఎందుకు దించుకున్నాను?

మధ్యాహ్నం రెండు దాటాక దొరస్వామి సజ్జ మీద నుంచి పడ్డాడు. నీళ్లు ఆరిపోతున్నాయని, నడుము తాడు విప్పి అవతలి చివరకు జరిగాడట. తుంటి ఎముక విరిగింది.

కబురు విన్నాక నేను మొదట చేసిన పని ఆసుపత్రికి పరుగెత్తడం కాదు. నోటుబుక్కులో ఆ కాగితం చించేశాను. కొత్త కాగితం మీద అదే చేతిరాతతో, ఆ ఇంటిని మొదట పెట్టి రాశాను. యజమాని వచ్చి చూశాడు. నేను నోరు విప్పే అవసరం కూడా రాలేదు.

ఆసుపత్రి వరండాలో మునిరత్నం అన్న గోడకు ఆనుకుని గొంతుక్కూర్చుని ఉన్నాడు. చొక్కా మీద సబ్బు చారలు తెల్లగా ఎండిపోయి ఉన్నాయి. యజమాని అతన్ని అప్పటికే నాలుగు మాటలు అని వెళ్లాడు.

"ఆ ఇల్లు నువ్వు మొదటిదని సెప్పినావంట గదా పాపా," అన్నాడు. "నాకు మూడోదని ఇనపడినట్టుండాది."

అతని గొంతులో నిలదీత లేదు. నిజంగానే తెలియక అడుగుతున్నాడు. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. వరండాలో మేమిద్దరమే.

"మొదటిదనే చెప్పినానన్నా," అన్నాను.

చొక్కా మీది సబ్బు చారను బొటనవేలితో రుద్దాడు. "అయితే నేనే తప్పుగా ఇన్నాను. వాని పెండ్లాం బిడ్డలకు ఏమని సెప్పేది?"

అన్న వెళ్లి దొరస్వామి భార్య కాళ్ల దగ్గర కూర్చుని తప్పు తనదేనని ఒప్పుకున్నాడని తర్వాత విన్నాను. ఆమె అతనితో మళ్లీ మాట్లాడలేదు. బంగారుపాళ్యంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ పనికి చేరింది. దొరస్వామి ఊతకర్రతో ఇంట్లో ఉంటున్నాడు.

నెల తిరక్కుండానే అన్న నా బల్ల దగ్గరికి వచ్చాడు. చెవుల డాక్టరుకు చూపించుకున్నాడట. "సెవులు బాగుండాయంట పాపా. అయితే సెడిండేది నా బుర్రే. ఇంగ మనుషుల్ని నమ్ముకుని పైకెక్కించేదానికి నేను పనికిరాను," అన్నాడు. ఆ రోజే పని మానేశాడు. నేను ఆపలేదు. నిజం చెప్పాలంటే, ఇక ఆ ముఖం రోజూ చూడనక్కర్లేదని ఊపిరి పీల్చుకున్నాను.

రెండు నెలల కిందట చిత్తూరు వెళుతూ, రైలు మారడానికి పాకాల స్టేషన్‌లో నిలబడి ఉంటే కనిపించాడు. బాగా చిక్కిపోయాడు. యాడికి పోతున్నావు పాపా అని అడిగాడు. చెప్పాను. కాసేపాగి మళ్లీ అదే అడిగాడు. మతిమరుపేమో అనుకున్నాను. పక్కనున్న అతని కూతురు నవ్వుతూ, నాయన ఇప్పుడు ఎవరేం చెప్పినా రెండుసార్లు చెప్పించుకుంటాడని, ఒక్కసారి విన్నదాన్ని నమ్మడని చెప్పింది. ఆమె అది చాదస్తం అనుకుంటోంది. నేను కూడా నవ్వాను. రైలొచ్చింది, ఎక్కేశాను.

ఇప్పటికీ ఇళ్ల వరసలు నేనే వేస్తున్నాను. నా పని బాగుందనే అంటారు. ఈ రాతతో దొరస్వామి కాలు తిన్నబడదు, ఆ రెండిళ్ల మధ్య మాటలు కలవవు. రేపు పాకాల వెళతానని కూడా మీకు మాటివ్వలేను. నన్ను నేను అంతగా నమ్మను. ఒక్క వాక్యం మాత్రం, ఎక్కడో ఒకచోట, నా చేత్తో ఉండాలి.

ఆ రోజు మునిరత్నం అన్న సరిగ్గానే విన్నాడు.