కొత్త పండగకు ముందు మామిడిపండు

కువైట్‌లో, నేను పనిచేసే షువైఖ్ గోదాములో మామిడిపండ్ల పెట్టె తెరిచినప్పుడల్లా చిన్నప్పుడు మన్యంలో చూసిన కొండరెడ్ల గిరిజన ఊరు గుర్తొస్తుంది. కోనసీమ నుంచి మా చర్చివాళ్ళం సువార్త చెప్పడానికి వెళ్ళాం. రాలిన పండొకటి తీసుకోగానే ఆ ఊరి అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"మామిడి కొత్త పండగ ఇంకా కాలేదమ్మా. తొలి పండు దేవతకు పెట్టకుండా తినకూడదు."

"మూఢనమ్మకం! నువ్వు తినెయ్యమ్మా," అన్నారు పాస్టరుగారు.

అందరూ నన్నే చూస్తున్నారు.

"మనమూ ప్రార్థన చేసుకున్నాకే కదండీ అన్నం తింటాం?" అన్నాను.

అవ్వ పకపకా నవ్వింది. పాస్టరుగారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

నేను వాదించలేదు, నిజంగా తెలియకే అడిగాను. పెద్దయ్యాక అన్ని మతాలవాళ్ళతోనూ వాదించాను. అంత సూటి ప్రశ్న మళ్ళీ అడగలేకపోయాను. ఆ రోజు ఆ పండు తినకుండా అవ్వ చేతిలో పెట్టేసినందుకు మాత్రం ఇప్పటికీ గర్వపడతాను.